మేస్త్రీ గొంతుకు కాచిన కషాయం

మా వైపు అక్కని అప్ప అంటాం. మా అప్పకి పెళ్ళయిన మరుసటేడు బావకి అనంతగిరి మీద ఘాటీ రోడ్డు పనిలో మేస్త్రీ ఉద్యోగం దొరికింది. శృంగవరపుకోట నుంచి అరకు వైపు ఎక్కే ఆ దారిని అప్పట్లో వెడల్పు చేస్తున్నారు. రోడ్డు పక్కన కొండని చెక్కి చదును చేసిన జాగాలో గడ్డి కప్పిన ఇల్లొకటి ఇచ్చారు. అప్ప నీళ్ళోసుకుందని కబురు రాగానే, ఆ కొండ మీద ఒంటరిగా ఉండలేదని, అమ్మ నన్ను తోడుగా పంపింది. నాకప్పుడు పదేళ్ళో పదకొండేళ్ళో.

బావ చేసే పనల్లా అరవడం. పలుగు ఆయన పట్టడు, కొలతలు ఆయన తీయడు. వాటికి వేరే మనుషులున్నారు. తెల్లారేసరికి తలగుడ్డ చుట్టుకుని రోడ్డు మీదకి పోయి, మట్టి మోసే కొండవాళ్ళ మీద పొద్దు గూకేదాకా అరిచేవాడు. అవతలి మలుపులో ఆయన అరిస్తే ఇవతల అరుగు మీద బియ్యం ఏరుకుంటున్న నేను ఉలిక్కిపడేదాన్ని. ఇంటికొచ్చాక కూడా అదే గొంతు. నీళ్ళు తోడలేదని, పొయ్యి పొగ చిమ్ముతోందని, అప్ప నడక నెమ్మదించిందని. అప్ప ఎదురు మాట్లాడేది కాదు. ఆయన మొదలెట్టగానే ఆమె మొహం తలుపేసిన ఇల్లులా అయిపోయేది.

ఆయన అడ్డపొగ తాగేవాడు. చుట్ట నిప్పున్న కొసని నోట్లోకి పెట్టుకుని పెదాలు మూసేవాడు. మా ఊళ్ళో ముసలమ్మలు అలా తాగడం చూశాను కాని, మగవాడు అన్నం తిన్న నోట్లోనే నిప్పు పెట్టుకుని, మధ్యమధ్య బూడిద నాలుక మీదకి తెచ్చి ఉమ్మడం అక్కడే చూశాను. ఆ ఉమ్మి అరుగు కింద ఎండిపోయి నల్లగా పొలుసులు కట్టేది. అది తుడిచే పని నాదే.

మార్గశిరంలో మంచు దిగింది. ఒకనాటి పొద్దున్న బావ పెరట్లోంచి చెంబు కోసం అరవబోయాడు. గాలి తప్ప ఏమీ రాలేదు. మళ్ళీ నోరు తెరిచాడు. చిరిగిన కొలిమితిత్తి చప్పుడు వచ్చింది. మెడ పట్టుకుని మా ఇద్దరి వైపూ చూశాడు, ఆయన గొంతేదో మేమే దాచేసినట్టు.

కషాయం కాయడం ఎలాగో ఆయనే సైగలతో, గుసగుసలతో చెప్పాడు. వాళ్ళమ్మ కాచే పద్ధతట. శొంఠి, మిరియాలు, పిప్పళ్ళు వేయించి దంచాలి. కాస్త వాము చేర్చి, మట్టిపిడతలో నీళ్ళు బాగా ఇగిరేదాకా మరిగించాలి. వడగట్టి, గోరువెచ్చగా అయ్యాక తేనె కలపాలి. అప్పకి వేవిళ్ళు. మిరియం వేగిన వాసనకే పెరట్లోకి పరుగెత్తింది. అందుకని ఆ పని నా నెత్తిన పడింది.

శొంఠీ మిరియాలూ బాగానే ఉండేవి. దంచుతుంటే తుమ్ములొచ్చినా ఆ వాసన నాకు చెడ్డదనిపించలేదు. తేనె దగ్గర మొదలయ్యేది నా అవస్థ. కొండవాళ్ళు దాన్ని ఆనపబుర్రలో తెచ్చేవాళ్ళు. తేనెపట్టుని పిల్లపురుగులతో సహా పిండేసిన తేనె. తెచ్చినవాళ్ళకి ఆ పురుగులు ఇష్టమే, బలమని తినేవాళ్ళు. నాకు మాత్రం బుర్ర వంచగానే తేనెతో పాటు తెల్లగా, మెత్తగా, సగం చితికి జారి వచ్చే వాటిని చూస్తే ఒళ్ళు జలదరించేది. వడగట్టడానికి బావ తన పాత పంచె చింపి ఇచ్చాడు. ఎన్నిసార్లు ఉతికినా దానికి ఆయన చెమట వాసన వదల్లేదు. కషాయం వేడి తగిలేసరికి ఆ వాసన ఆవిరితో పాటు లేచి నా మొహానికే కొట్టేది. పురుగుల్ని గుడ్డలో మూటగట్టి పిండుతుంటే వేళ్ళ కింద ఒక్కొక్కటీ చిట్లడం తెలిసేది.

ఇక ఆయన తాగడం. ముందు ఒక గుక్క గొంతులో పోసుకుని, తల వెనక్కి వాల్చి, గళగళలాడించేవాడు. అది ఉమ్మడానికి నేను బూడిద పోసిన మూకుడు పట్టుకుని ఎదురుగా నిలబడాలి. కషాయంతో పాటు పచ్చగా, దారంలా సాగే కఫం పడేది. అది తెగకపోతే వేలితో తెంపి, ఆ వేలు గడపకి రాసేవాడు. గ్లాసు ఖాళీ కాగానే చుట్ట ముట్టించి, నిప్పుకొస నోట్లో పెట్టుకునేవాడు. పొగాకు కొన్నాళ్ళు మానమని అప్ప ఒక్కసారే చెప్పింది. ఆయన చెయ్యి విసిరాడు. కాచిన మందంతా ఆ నిప్పుకే కాలిపోతుంటే మళ్ళీ కాయడానికి నేను శొంఠి దంచుకునేదాన్ని. మూకుడు పారబోయడానికి పెరటి చివరి తుప్పల దాకా ఊపిరి బిగబట్టి వెళ్ళేదాన్ని. ఆ రోజుల్లో నాకు అన్నం సయించలేదు. గంజి చూసినా ఆ మూకుడే కనిపించేది.

కాని ఇల్లు నిశ్శబ్దంగా ఉండేది. ఆ మాట చెప్పకపోతే తప్పవుతుంది. అప్ప మధ్యాహ్నం పూట నిద్రపోవడం నేను అప్పుడే చూశాను. నా జడ అల్లుతూ చిన్నప్పుడు మా వీధిలో ఆడిన ఆటల గురించి చెప్పేది. రోడ్డు మీద నుంచి కూలీల మాటలు వినిపించేవి. వాళ్ళకీ మాటలుంటాయని, నవ్వుతారని అంతకుముందు నాకు తెలియలేదు. పని మునుపటిలాగే జరుగుతున్నట్టుండేది. బావకి మాత్రం అలా అనిపించలేదు. చేతులూపినా, కర్ర తిప్పినా ఎవరూ తన వైపు చూడ్డం లేదని ఆయన బాధ. కంట్రాక్టరు వస్తున్నాడని కబురు వచ్చాక ఆ బాధ కోపమైంది. ఒక పొద్దున్న నా చెయ్యి పట్టుకుని రోడ్డు మీదకి లాక్కుపోయాడు.

తూము గోడ మీద నన్ను నిలబెట్టాడు. తను వెనక నిలబడి, నా చెవిలో గుసగుసగా మాట చెప్తాడు. నేను దాన్ని గట్టిగా అరవాలి.

"తట్టలు బేగి ఎత్తమను," అన్నాడు.

అరిచాను. నా గొంతు సన్నగా కొండకి తగిలి తిరిగొచ్చింది. కింద ఉన్నవాళ్ళు తలెత్తి చూశారు. కొందరు నవ్వుకున్నారు కూడా. రాళ్ళు అవతల వేయమను, పెద్ద బండని తిప్పమను, ఇలాంటివే కొన్ని చెప్పించాడు. చెవిలో ఆయన ఊపిరి వెచ్చగా, తడిగా తగులుతోంది. మిరియం, పొగాకు, పాచి, పుల్లబడ్డ తేనె, అన్నీ కలిసిన వాసన. ఒకసారి మాటతో పాటు ఉమ్మి తుంపర నా చెవి లోపల పడింది. తుడుచుకోబోతే చెయ్యి కిందికి లాగేశాడు.

రోడ్డు వారన ఒకావిడ తట్ట దించి కూర్చుంది. బిడ్డని వీపుకి కట్టుకుని మట్టి మోసే మనిషి. బిడ్డని ముందుకి తిప్పుకుని పాలిస్తోంది. బావ ఆమెని చూశాడు.

"ఆ కూకున్నదాన్ని," అని మొదలెట్టి నా చెవిలో ఒక మాట చెప్పాడు.

ఆ మాట ఇక్కడ రాయను. మా ఊళ్ళో కల్లుపాక దగ్గర తగువులైతే అది వినపడేది, వినపడగానే అమ్మ నా చెవులు మూసేది. దాని అర్థం నాకు పూర్తిగా తెలియదు. అది ఆడవాళ్ళనే అంటారని తెలుసు. కొండవాళ్ళు తమలో తాము ఒరియా కలిసిన మాట మాట్లాడుకునేవాళ్ళు, తెలుగు కొద్దిగానే వచ్చు. కాని బావ తిట్లు వాళ్ళకి బాగా అర్థమయ్యేవి. వాళ్ళు ముందు నేర్చుకున్న తెలుగు అదే.

నేను ఊరుకున్నాను. ఆయన మళ్ళీ చెప్పాడు, ఈసారి ఇంకా దగ్గరగా. ఆయన పెదవి నా చెవికి తగిలింది. ఆ మాట నా చెవిలోకి ఏదో పురుగులా దిగినట్టయింది. ఆవిడ పాలివ్వడం ఆపలేదు గాని తలెత్తి నా వైపే చూస్తోంది, ఏమంటానో అని.

"పిల్లకి పాలిచ్చి నిదానంగా రమ్మంటన్నాడు మా బావ," అని అరిచాను.

కింద ఎవరూ కదల్లేదు. ఆవిడ బావ వైపు చూసి, నా వైపు చూసి, తల ఊపింది. బావ చెయ్యి నా భుజం మీద బిగుసుకుంది.

"ఏటి సెప్పమన్నాను? ఏటి సెప్పావు? మల్లీ సెప్పు," అన్నాడు.

నేను మెడ మీద చెయ్యేసుకున్నాను. నోరు తెరిచి, ఆయన లాగే, గాలి మాత్రం వదిలాను.

"గొంతు పోనాది బావా," అన్నాను గుసగుసగా.

ఆయన నమ్మాడో లేదో తెలియదు. అంతమంది చూస్తుండగా నన్నేమీ చేయలేక, చెయ్యి పట్టి ఇంటికి ఈడ్చుకొచ్చి అప్ప ముందు నిలబెట్టాడు. అప్ప నా గడ్డం పట్టుకుని వెలుగులోకి తిప్పి నోరు తెరవమంది. లోపల ఏమీ లేదని ఆమెకి కనిపించే ఉంటుంది. చాలాసేపు చూసింది. నా భుజం మీద ఎర్రగా పడ్డ వేళ్ళ గుర్తులూ చూసింది.

"పుండులాగున్నాది," అంది బావతో. "మాటాడితే ముదిరిపోద్ది. గుంటని రోడ్డు మీదకి తీసుకెల్లకండి." గుంట అంటే మా వైపు ఆడపిల్ల.

అలా అయితే కషాయం దానికీ పట్టమని బావ సైగ చేశాడు. పిడతలో ఆయన తాగగా మిగిలింది ఉంది. దాన్ని తన గ్లాసులోనే పోశాడు. కడగని గ్లాసు. అంచు మీద ఆయన పెదవి ఆనిన చోట పొగాకు మడ్డి నల్లగా అంటుకుని ఉంది. పైన మీగడలా మైనం తెట్టె. ఎదురుగా నిలబడి, తాగేదాకా కదల్లేదు.

తాగాను. నోట్లోకి ముందు వచ్చింది పంచె వాసన. తరవాత కారం. ఆ తరవాత నాలుక మీద మెత్తగా ఏదో తగిలింది, అదేమిటో నాకు తెలుసు. కడుపులోంచి ఎగదన్నుకొచ్చింది. వాంతి చేస్తే మళ్ళీ పోస్తాడని దాన్ని తిరిగి మింగాను. కళ్ళలోంచి నీళ్ళు కారుతుంటే అప్ప పైటచెంగుతో తుడిచింది, గ్లాసు మాత్రం నా చేతిలోంచి తీసుకోలేదు. తీసుకుంటే ఆయనకి అనుమానం వస్తుంది. ఆ మాట అనడమా ఇది తాగడమా అంటే, ఇది తాగడమే నయం. అంత చిన్నతనంలో కూడా నాకా లెక్క తెలిసింది.

ఆ పైన పొద్దునా సాయంత్రం బావతో పాటు నాకూ ఓ గ్లాసు. ఆయన ఇంట్లో లేని పూట అప్ప ముక్కుకి చెంగు చుట్టుకుని నా వంతు విడిగా కాచేది. అల్లమూ బెల్లమూ వేసి, తన చీర చెంగుతో వడగట్టేది. ఆయన ఉన్న పూట పాత కషాయమే. నా గొంతు నిజంగానే మండడం మొదలెట్టింది, ఆ కారానికి.

కొన్నాళ్ళకి ఆయనకి గొంతు వచ్చింది. కషాయం వల్ల వచ్చిందో, ఎండ కాసి వచ్చిందో. పెరట్లోంచి చెంబు తెమ్మని అరిచాడు. బొంగురుగా ఉన్నా గట్టిగానే ఉంది. రుబ్బుతున్న అప్ప చెయ్యి ఆగిపోయింది. ఆ మధ్యాహ్నమే రోడ్డు మీద నుంచి ఆ మాట వినపడింది, ఆ రోజు నాకు చెప్పిన మాటే. ఎవరిని అంటున్నాడో నేను చూడలేదు, చూడాలనిపించలేదు.

"ఆ మాటేనా నిన్ను అనమన్నాది?" అని అడిగింది అప్ప.

తల ఊపాను.

"నన్ను రోజూ అంటాడు. మెల్లగా," అంది.

ఆమె పక్కలో పడుకుని అన్నాళ్ళు నేను ఏమీ వినలేదు. బావ నా చెవిలో ఊదిన ఆ తడి ఊపిరి రోజూ ఈమె చెవిలోనూ పడుతోందని అప్పుడు తెలిసి, లేచి పెరట్లోకి వెళ్ళి వాంతి చేసుకున్నాను.

పురిటికి తీసుకెళ్ళడానికి మా అయ్య, అంటే నాన్న, బండి కట్టించుకుని వచ్చాడు. బావ మర్యాదగా మంచం వాల్చి, మావా అంటూ మజ్జిగ ఇప్పించాడు. గుంట చిక్కిపోయిందేమని అయ్య అడిగాడు. కొండ నీళ్ళు పడలేదన్నాడు బావ. అప్పుడు మా అప్ప, ఎప్పుడూ నోరెత్తని మనిషి, గడపలో నిలబడి ఆ మాట పైకి అంది. పక్కనున్న ఎవరికైనా వినపడేంత గట్టిగా.

"ఈ మాట నన్ను అంటాడయ్యా. గుంట సేత కూలిదాన్ని అనిపించబోయాడు. అది అననందుకు తన ఎంగిలి తాగించాడు."

బావ అరవలేదు. దగ్గు వచ్చినట్టు గొంతు సవరించుకుని, కాళ్ళ వైపు చూసుకున్నాడు. కూతురి నోట ఆ మాట విన్న అయ్య మొహం ఎర్రబడింది. మజ్జిగ తాగకుండా గ్లాసు నేల మీద పెట్టి లేచాడు.

"పిల్ల పుట్టి నడకొచ్చేదాకా మా కాడే ఉంటాది," అన్నాడు అల్లుడితో.

ఆడపిల్ల పుట్టింది. పిల్ల నడిచిన తరవాత కూడా అప్ప కొన్నాళ్ళు మా ఇంట్లోనే ఉంది. బావ రెండుసార్లు వచ్చి ఉత్త చేతులతో వెనక్కి పోయాడు. చివరికి పెద్దవాళ్ళు కూర్చుని మాట్లాడి పంపారు. అప్పటికి ఆయన పని సాలూరు వైపు రోడ్డుకి మారింది. ఆ తరవాత ఒక పండక్కి వచ్చినప్పుడు అప్పని పక్కకి పిలిచి అడిగాను, ఇప్పుడూ అంటాడా అని.

"నన్ను అనడు," అంది. కలిపిన అన్నం ముద్ద పిల్ల నోట్లో పెట్టింది. "రోడ్డు మీద అంటాడు."