మేమే ఫోన్ చేస్తాం

బట్టల ఫ్యాక్టరీలో మా బావని అందరూ గంటాయన అనేవాళ్లు. ఇరవై ఏళ్లు గేటు దగ్గర టైమ్ కీపర్‌గా కూర్చుని, రెండు నిమిషాలు ఆలస్యమైనవాళ్లను వెనక్కి తరమడమే ఆయనగారు వెలగబెట్టిన ఘనకార్యం. ఫ్యాక్టరీ మూతపడ్డాక అలాంటి మనిషి, జనానికి ఉద్యోగాలు ఇప్పించే ఏజెన్సీ పెడతానన్నాడు. నేను పగలబడి నవ్వాను. అక్క నవ్వలేదు. ముందుగదిలో మంచం తీసేసి బల్లా బెంచీ వేయించింది. దరఖాస్తు ఫారాలకు గళ్లు కూడా తన చేత్తోనే గీసింది.

మొదటి ఆర్డరు ఒక పెద్ద ఆసుపత్రి నుంచి వచ్చింది. వార్డులు తుడవడానికి, దుప్పట్లు ఉతకడానికి నలభై మంది కావాలి. ఫోన్‌లో వాళ్లు చెప్పిన షరతు ఒకటే. నలభై ఏళ్లు దాటినవాళ్లు వద్దు, ఆ మాట మాత్రం బయటికి పొక్కకూడదు. బావ దాన్ని నెత్తిన పెట్టుకున్నాడు. ముందు వయసు గడి చూసేవాడు. నలభై దాటితే ఫారం మూల మడిచి, తియ్యగా నవ్వి, "అలాగేనండీ, మేమే ఫోన్ చేస్తాం" అనేవాడు. ఆ ఫారాలన్నీ బీరువా కింది అరలోకి పోయేవి. వాళ్లు మాత్రం వారాల తరబడి ఫోను దగ్గర పెట్టుకుని ఎదురుచూసేవాళ్లు. వద్దని చెబితే ఇంకోచోట వెతుక్కుంటారు కదా, ఆ మాత్రం ఇంగితం ఉండొద్దా మనిషికి?

అదే ఫ్యాక్టరీలో కుట్టుమిషను మీద పనిచేసిన అక్కకీ ఏడాదిగా పని లేదు. తన వయసు నలభై మూడు. ఒక మధ్యాహ్నం నా ఎదుటే బావకి అన్నం వడ్డిస్తూ అడిగింది.

"ఆసుపత్రి లిస్టులో నన్నూ వేయండి. దుప్పట్లు ఉతికే పనైనా సరే. ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కుతోంది."

బావ తల ఎత్తకుండా, "అలాగేనండీ, మేమే ఫోన్ చేస్తాం" అన్నాడు.

కట్టుకున్న పెళ్లాంతో! అలవాటులో నోరు జారిందని తర్వాత లబలబలాడాడు. నాకైతే ఒళ్లు మండిపోయింది. అక్క గరిటె గిన్నెలో పడేసి లేచి వెళ్లిపోయింది.

మర్నాడు తనే ఆసుపత్రికి వెళ్లింది. వాచ్‌మన్ గేటు దాటనివ్వలేదు.

"నేరుగా తీసుకోవడం మానేశారమ్మా, అంతా ఏజెన్సీ ద్వారానే. వీళ్లను కలువు" అని ఒక కార్డు చేతిలో పెట్టాడు. దాని మీద ఉన్నది అక్క ఇంటి అడ్రసే.

తిరిగొచ్చి వీధి గుమ్మంలోంచి ముందుగదిలోకి వచ్చి, ఒక ఫారం నింపి, బెంచీ చివర కూర్చుంది. నలుగురి తర్వాత తన వంతు వచ్చింది.

"ఏంటిది? లోపలికి వెళ్లు, జనం ఉన్నారు" అని బావ పళ్లు కొరికాడు.

అక్క ఫారం బల్ల మీద పెట్టింది. "నలభై మూడేళ్లు. తీసుకుంటారా, తీసుకోరా?"

"ఇంటి విషయం ఇంట్లో మాట్లాడుకుందాం."

"ఇంట్లో అడిగాగా. తీసుకోకపోతే ఎందుకో దీని మీద రాసి సంతకం పెట్టండి. రాసేదాకా కదలను."

బెంచీ మీదవాళ్లంతా మెడలు చాచి చూస్తున్నారు. బావ పెన్ను మూత తీశాడు, మళ్లీ పెట్టాడు. చివరికి 'వయసు ఎక్కువ, తీసుకోము' అని రాసి సంతకం గీకాడు.

అక్క చదివింది. "ఈ ముక్క నోటితో చెప్పడానికి ఇన్నాళ్లూ ఏం రోగం?"

తన వెనక నుంచి, జుట్టు నెరిసిన పాత ఫ్యాక్టరీ డ్రైవరు లేచాడు. రెండు నెలలైనా కబురు లేదేమని కనుక్కోవడానికి వచ్చిన మనిషి.

"నాకూ రాసివ్వండి సార్" అన్నాడు.