మామిడిచెట్టు తాగిన శాంపిలు

మా నాయన మోకాళ్ళ నొప్పికి అరవదేశం వైద్యుడొకడు ఎర్రపొడి ఇచ్చినాడు. దాన్ని తేనెలో రంగరించి మూడేండ్లుగా నాకతా ఉండాడు నాయన. మోకాళ్ళ సంగతేమో గానీ, కడుపునొప్పి పట్టుకునింది, అరికాళ్ళు తిమ్మిర్లెక్కినాయి. మానెయ్యి నాయనా అంటే, "నీ ఇంగిలీసు మాత్రల కంటే నయమే, పోరా" అంటాడు.

చిత్తూరు డాక్టరు పొట్లం విప్పి చూసి, "దీంట్లో సీసం ఉండొచ్చు, ఒంట్లో చేరిందో లేదో ఉచ్చలో తెలుస్తుంది" అని ఒక పెద్ద ప్లాస్టిక్ క్యాన్ చేతికిచ్చినాడు. పొద్దున లేస్తూనే పోసేది వదిలేసి, అప్పట్నించి మర్నాడు పొద్దున దాకా చుక్క పోకుండా దాంట్లోనే పట్టాలంట. ఆడనే పందెం కట్టినాడు నాయన. "సీసం ఉంటే ఆ పొద్దే మానేస్తా. లేకుంటే నువ్వు జన్మలో నోరెత్తగూడదు." సరే అన్నాను.

మర్నాడు క్యాన్ బాత్రూములో ఉండాది, నాయన తోటలో ఉండాడు. బంగారుపాళ్యం పక్కన మాకు నాలుగెకరాల మామిడి. ఆయనకు చెట్టు మొదట్లో పోస్తేనే పోసినట్టు. నేను కట్టించిన బాత్రూం ఆయనకు స్నానానికే. పొద్దుగూకి చూస్తే క్యాన్ అడుగు తడిసింది, అంతే.

"అలవాటబ్బా, మర్సిపోయినా" అని తల గోక్కుంటా నా పక్క చూసినాడు. "నువ్వు పొయ్యరాదా? ఒకే రక్తం గదా!"

ఛీ అనాల్సింది. అంటే ఇంకో దినం కాపలా, ఇంకోసారి చిత్తూరు బస్సు. బద్దకం నాది. సిగ్గు లేకుండా పోసినాను. రాత్రీ, తెల్లారీ కూడా ధారాళంగా పోసినాను.

రిపోర్టు శుభ్రంగా వచ్చింది. నాయన దాన్ని కొత్త పట్టా పుస్తకం మాదిరి ఊరంతా చూపించుకోనొచ్చి, చిటికెడుకు బదులు రెండు చిటికెలు నాకినాడు. అప్పుడెక్కింది నా బుర్రకు, నా చేతులారా నేనే ఆయనకు విషం తినిపిస్తా ఉండానని. భయమేసింది.

పోయి డాక్టరు ముందర నిజం కక్కినాను. ఆయన నవ్వలేదు, కడిగేసినాడు. రెండోసారి క్యాన్ నేనే పట్టుకోని నాయన ఎనకాల చెట్టు చెట్టుకూ తిరిగినాను. ఈసారి సీసం బాగానే తేలింది.

నాయన రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టుకోని చూసినాడు. పందెం ఓడినందుకు అరుస్తాడనుకున్నా.

"మొదటిది మంచిగా వచ్చింది నీదాని వల్లేనా?"

"ఊ."

"అంటే నీ ఒంట్లో ఏం లేదు గదా?"

"లేదులే నాయనా."

లేచి, పొడి డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టినాడు.

"పోయిన నెల నీకు నడుం పట్టేసిందంటివే, రొండు దినాలు నీ పాలల్లో కలిపినా రా."