కుర్చీ ఎత్తు

ప్రోగ్రాము మొరాయిస్తే అతను ముందు కుర్చీ ఎత్తు సరిచేస్తాడు, తప్పంతా అందులోనే ఉన్నట్టు. తర్వాత బాసింపట్టు వేసుకుని, చల్లారిన టీ ఒక గుక్క తాగి, మొహం చిట్లించి, మళ్ళీ అదే టీ తాగుతాడు. జాగ్రత్తలో తనను మించినవాడు లేడని అతని నమ్మకం. ఫోను పాస్‌వర్డును గోడమీది క్యాలెండర్‌పై రాసుకున్న అమ్మకు వారానికోసారైనా క్లాసు పీకుతాడు.

అక్క తయారుచేసే సబ్బులు అమ్మే యాప్‌ను ఓ పెద్ద ఆన్‌లైన్ స్టోర్‌తో కలిపే పని తనే నెత్తినేసుకున్నాడు. ఆ ఉదయం కుర్చీ చాలాసార్లు లేచింది, దిగింది. యాప్ తన రహస్య కీ, అంటే పాస్‌వర్డు లాంటి అక్షరాల వరుస, చూపించిన ప్రతిసారీ స్టోర్ సర్వర్ దాన్ని గుమ్మంలోనే ఆపి వెనక్కి పంపుతోంది. “మధ్యాహ్నం నుంచి అమ్ముతామని అందరికీ చెప్పేశాన్రా,” అంది అక్క తలుపు దగ్గర నిలబడి. పరువు పోయేలా ఉందని అతను స్క్రీన్‌షాట్ తీసి, వేలమంది ప్రోగ్రామర్లున్న గ్రూపులో పెట్టి, తప్పెక్కడుందో చెప్పమన్నాడు. క్షణాల్లో ఎవరో జవాబిచ్చారు: “కీ చివర ఒక స్పేస్ ఎక్కువ పడింది, బ్రదర్. అయినా ముందు కొత్త కీ తీసుకోండి. ఇది మా అందరికీ కనిపిస్తోంది.”

కొత్త కీతో యాప్ లోపలికి వెళ్ళింది, సబ్బులన్నీ తెరమీద వరుసకట్టాయి. కడుపులో దాచుకోలేక అతనే వెళ్ళి చెప్పాడు. “అమ్మా, నీకు క్లాసులు పీకే మేధావి ఇవాళ తన కీని బజార్లో పెట్టాడు.”

అమ్మ తువ్వాలు మడతపెడుతూ, “నాది మనింట్లోవాళ్ళకేగా కనపడేది,” అంది.

అతను వెనక్కి వచ్చి కుర్చీ ఎత్తు సరిచేసుకున్నాడు.