ఖాలా గుమ్మం ముందు పొయ్యి

పెద్దమ్మ పోయింది. బుధవారం మధ్యాహ్నం ఆమె కూతురు నేరేడ్‌మెట్‌లోని మా బడికి వచ్చి, వరండాలో నిలబడి చెప్పింది. "పొద్దుగాల చాయ తాగి గోడకు ఒరిగింది టీచరమ్మా. మల్ల లేవలె." డెబ్బై దాటిన మనిషి, మంచాన పడకుండా, ఎవరినీ తిప్పలు పెట్టకుండా వెళ్ళిపోయింది. అయినా ఆ పూట నేను పాఠం చెప్పలేకపోయాను. పిల్లలకు లెక్కలిచ్చి కిటికీ దగ్గర కూర్చున్నాను.

ఆమె నాకు చుట్టం కాదు. బోయిగూడలో ఆమె ఇంటి ముందు గదిలో ఆరేళ్ళు అద్దెకున్నాను. గల్లీ అంతా పెద్దమ్మ అనే పిలిచేది, నేనూ అలాగే పిలిచాను. ఒంగోలు వైపు పల్లె నుంచి ఇక్కడి మిషన్ బడిలో ఉద్యోగానికి వచ్చేనాటికి నాకు ఇరవై రెండేళ్ళు. హాస్టల్ అన్నం తిని పెరిగినదాన్ని. పద్యం అప్పజెప్పించడం వచ్చు గాని పప్పు ఉడకబెట్టడం రాదు.

వచ్చిన వారంలోనే బెబ్బర్లు పొయ్యి మీద పెట్టాను. మావైపు వాటిని అలసందలంటాం. ఎంతసేపు మరిగినా రాళ్ళలాగే ఉన్నాయి. పొగ చూసి పెద్దమ్మ గుమ్మంలోకి వచ్చింది.

"ఏందమ్మా, ఎప్పటిసంది పొయ్యి ఊదుతున్నవ్?"

"గుగ్గిళ్ళు చేద్దామనుకున్నానండీ. ఉడకడం లేదు."

"గుగ్గిల్లా? అవేంటివి?"

"గింజలు ఉడకబెట్టి పోపు పెడతాం కదండీ..."

"గుడాలని చెప్పరాదు!" అని నవ్వి, ఒక గింజ తీసి వేళ్ళ మధ్య నొక్కి చూసింది. "ఉప్పేసినవా?"

"ముందే వేశాను."

"గందుకే మొండికేసినయ్. నానబెట్టినవా? అది సుత లేదా? నీకు బడి పెట్టాలె."

నిజంగానే బడి పెట్టింది. ఎండాకాలం వస్తే ఆమె ఇల్లు గింజల ఇల్లు. కందులకు ఎర్రమట్టి పట్టించి ఎండబోసేది, విసుర్రాయిలో పగలేసి పప్పు చేసేది. బెబ్బర్లు, పెసర్లు, ఉలవలు బూడిద కలిపి కుండల్లో పోసి, మూతికి గుడ్డ కట్టేది. ఏ కుండలో ఏముందో గుడ్డ రంగును బట్టి చెప్పేది. వండే ముందురోజు దీపాలవేళకే గింజలు నానాలి. ఉడికేటప్పుడు నీళ్ళు తగ్గితే వేడినీళ్ళే పోయాలి, చన్నీళ్ళు పోస్తే గింజ బిర్రుగా అయిపోతుంది. బొటనవేలితో నొక్కితే మెత్తగా నలగాలి, అప్పుడు ఉప్పు. నేను తొందరపడితే, "పాత గింజలివి. జెర ఓపిక పట్టు, నిన్నేమన్న రైలుకు పొమ్మన్ననా?" అనేది.

ఎర్రపప్పు మాత్రం తనకు ఖాలా నేర్పిందని చెప్పేది. ఖాలా అంటే ఉర్దూలో పిన్ని. మా ఇంటికి ఎదురుగా ఉండే ముసలావిడను గల్లీలో అందరూ అలాగే పిలిచేవాళ్ళు. కోడలు, ఇద్దరు మనవరాళ్ళు ఆవిడతో ఉండేవారు. కొడుకు జిల్లాలో ఏదో దఫ్తరులో గుమాస్తా. పెద్ద మనవరాలు మా మిషన్ బడిలో, నా తరగతిలోనే చదివేది. ఎర్రపప్పులో చింతపండు పులుసు ఎప్పుడు పోయాలన్న విషయం మీద పెద్దమ్మా ఖాలా ఏళ్ళ తరబడి వాదించుకున్నారు. ఎవరూ ఓడిపోలేదు.

నిజాం మీద పోలీసు చర్య జరిగిన ఏడు నేను అక్కడే ఉన్నాను. వానలు పడుతున్నాయి. బజారు మూసేశారు, బడి మూసేశారు. యూనియన్ సైన్యం వచ్చిందని కొందరు సంబరపడుతుంటే, ముస్లింల ఇళ్ళ మీద దాడులని రోజుకో పుకారుతో మరి కొందరు తలుపులు వేసుకున్నారు. ఖాలా ఇంటి తలుపు రెండు రోజులుగా తెరుచుకోలేదు. పొయ్యి పొగ లేదు. వెళ్ళిపోయి ఉంటారని గల్లీలో అన్నారు. నేనూ అదే అనుకున్నాను. అలా అనుకుంటే నా మనసుకు సులువుగా ఉంది.

పెద్దమ్మ ఒప్పుకోలేదు. "యాడికి పోతది? నాకు చెప్పకుంట పోతదా?"

మిట్టమధ్యాహ్నం వానలోనే వెళ్ళి తలుపు తట్టింది. వెంట నేను. "ఖాలా, నేనే. టీచరమ్మ సుత ఉన్నది." చాలాసేపటికి కిటికీ రెక్క వేలెడంత తెరుచుకుంది. కొడుకు జాడ తెలియదట. తలుపు తీయడానికి భయం. లోపల ఒక గిన్నెలో నీళ్ళల్లో నానుతున్న శనగలు కనిపించాయి. నానిన పచ్చి శనగలు తిని రెండు రోజులు గడిపారు. పొయ్యి వెలిగిస్తే పొగ వస్తుంది, పొగ వస్తే లోపల మనుషులున్నారని తెలిసిపోతుంది. చిన్నపిల్ల కడుపునొప్పితో మూలుగుతోంది.

పెద్దమ్మ ఇంటికి తిరిగొచ్చి, చెంగుతో తల తుడుచుకుంది. "పొగే కదా వాల్ల తక్లీఫు?" అంది నాతో. "పొగ మనం పెడదాం. వాల్ల గుమ్మం ముంగట్నే పెడదాం. అది మన పొగ అయితది, ఎవడడుగుతడు?"

"వద్దు పెద్దమ్మా," అన్నాను. నా గొంతు నాకే చిన్నగా వినిపించింది. "ఎవరైనా చూస్తే మన మీదికి వస్తారు."

"వస్తే నువ్వు నా పక్కన కూసో. తెల్లచీర కట్టుకో, బడికి పోయినట్టు."

మర్నాడు పొద్దునకల్లా గుడ్డ మూతలన్నీ విప్పేసింది. గల్లీలో తలుపు తలుపూ తట్టి, "కట్టెలు తడిసినయ్, ఇంటింటికి ఒక పొయ్యి ఎందుకు? అందరికి ఒక్క తాన వండుదాం. మీ ఇంట్ల ఉన్నయి తెండ్రి," అని చెప్పింది. ఒకాయన మొహం చిట్లించాడు. "అక్కడే ఎందుకు వండాలె?" అన్నాడు. "వాల్ల అరుగు మీద రేకు ఉన్నది, నీ ఇంటి ముంగట ఉన్నదా?" అని అడిగింది. నిజమే, ఖాలా అరుగు మీద వాన పడదు.

మూడు రాళ్ళ పొయ్యి, దాని మీద గంజు, అంటే పెళ్ళిళ్ళలో వాడే పెద్ద వంటగిన్నె. ఐదారుగురు ఆడవాళ్ళం మూసిన తలుపుకు వీపులానించి కూర్చున్నాం. కట్టెలు పచ్చివై పొగ దట్టంగా లేచింది. అదే అదనుగా లోపల కోడలు కూడా పొయ్యి వెలిగించిందని తలుపు సందులోంచి వచ్చిన వాసన చెప్పింది. పిల్లకు గంజి కాస్తోంది.

గంజులో బెబ్బర్లు ఇంకా పలుకుగా ఉండగానే ముగ్గురు మనుషులు వచ్చారు. మా గల్లీవాళ్ళు కారు. చేతుల్లో కర్రలున్నాయి.

"ఈ ఇల్లు ఎవలది?" అన్నాడు ముందున్నవాడు.

పెద్దమ్మ తెడ్డు ఆపలేదు. "మా గల్లీది."

"లోపటెవరున్నరు?"

"ఆడోల్లు, పిల్లలు. నీకేం పనివడ్డది?"

"వేరేవాల్ల ఇల్లని చెప్పిన్రు."

"ఎవడు చెప్పిండో తీస్కరా. నా ముంగట చెప్పమను."

అతను నా వైపు తిరిగాడు. "నువ్వెవరమ్మా?"

నేను తెల్లచీర కొంగు సర్దుకున్నాను. "టీచర్ని. ఈ ఇంటి పిల్ల నా తరగతిలో చదువుతుంది. చెల్లెలికి ఒంట్లో బాగా లేదు, చూద్దామని వచ్చాను." ఒక్క అబద్ధం కూడా చెప్పనక్కర్లేదని నోరు తెరిచాకే తెలిసింది.

ఎవరూ కదల్లేదు. పెద్దమ్మ మోదుగాకు దొప్పలు మూడు తీసి, గింజలు పోసి వాళ్ళ ముందు పెట్టింది. "పొద్దుగాల్నుంచి తిరుగుతున్నట్టున్నరు. తినిపోండ్రి."

వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అన్నం తిని ఎన్నిపూటలైందో మరి, నిలబడే తిన్నారు. చివర ఉన్నవాడు నమిలి, "ఉప్పు లేదు," అన్నాడు.

"ఉడికినంక ఏస్తరు ఉప్పు. ఆగేటోల్లకు ఉప్పుంటది. ఆగుతవా?"

అతనికి నవ్వొచ్చింది. ఆపుకోబోయి ఆపుకోలేకపోయాడు. దొప్పలు అక్కడే పడేసి వెళ్ళిపోయారు. వాళ్ళు మలుపు తిరిగేదాకా పెద్దమ్మ తెడ్డు తిప్పుతూనే ఉంది. ఆ తర్వాత తెడ్డు వదిలి, వెనక తలుపుకు అరచెయ్యి ఆనించింది. నేను చూడటం గమనించి, "కట్టె జరుపు, మంట తగ్గింది," అని గదిమింది.

వాళ్ళు మళ్ళీ రాలేదు. మేము మాత్రం వరసగా ఐదు రోజులు ఆ అరుగు మీదే వండాం. ఉలవలు, పెసర్లు, శనగలు, ఏ ఇంట్లో ఏముంటే అది. నాలుగోనాడు ఎర్రపప్పు ఉడుకుతుండగా మా వెనక గడియ తీసిన చప్పుడైంది. ఖాలా బయటికొచ్చి, గంజులోకి తొంగిచూసి, "పులుసు అప్పుడే పోసినవా? ఎన్నిసార్లు చెప్పాలె నీకు?" అంది. పెద్దమ్మ జరిగి చోటిచ్చింది. ఖాలా కూర్చుని వెల్లుల్లి ఒలవడం మొదలుపెట్టింది. ఇద్దరూ కొంగుతో కళ్ళు తుడుచుకుంటే పొగ అన్నారు. నెల తిరిగాక ఖాలా కొడుకు నడిచి నడిచి, కాళ్ళకు గుడ్డలు చుట్టుకుని ఇల్లు చేరాడు. వాళ్ళు ఇప్పటికీ ఆ ఇంట్లోనే ఉన్నారు.

పెద్దమ్మ ఈ సంగతి ఎన్నడూ చెప్పుకోగా వినలేదు. నేనెప్పుడైనా ఎత్తితే, "ఆ పొద్దు బెబ్బర్లు సరిగ ఉడకలేదు," అని మాట మార్చేది. ఆ రోజు "వద్దు" అన్నది నేనని కూడా ఆమె ఎన్నడూ గుర్తు చేయలేదు. ఇవాళ నేను ఏ తరగతి గదిలోనైనా గొంతు పెంచి నిలబడగలుగుతున్నానంటే, ఆ అరుగు మీద ఆమె పక్కన కూర్చున్నందువల్లే.

పోయిన నెలలో చివరిసారి చూశాను. ఎండలో కూర్చుని పెసర్లు చెరుగుతోంది. చూపు దాదాపు పోయింది, అయినా చేటలో గింజ నేల మీద పడటం లేదు. "అన్నం తినిపో," అంది. టైము లేదన్నాను. "ఎన్నడున్నది నీకు టైము," అని చేట ఎగరేసింది. గాలి నా వైపుకే ఉంది. పచ్చటి పొట్టు లేచి, ఎండలో ఒక్క క్షణం అలాగే ఆగినట్టుండి, నా తలమీదా తెల్లచీర భుజాల మీదా వాలింది. దులుపుకోకుండానే బస్సెక్కాను.