కందిరీగ కొరికిన పండు, ఈగ పొడిచిన పండు

జామపండ్లు ఏరే షెడ్డులో చేరిన మొదటి రోజు ఆమె చేసిన ఘనకార్యాన్ని అక్కడివాళ్ళు ఏళ్ల తరబడి చెప్పుకుని నవ్వారు. అప్పటికామె కొత్త కోడలు, అత్తగారే అక్కడ మేస్త్రి. కంగారులో ఆమె కందిరీగలు కొరికి గుంటలు చేసిన పండ్లన్నీ పారేసి, నున్నగా మెరిసేవాటిని పెట్టెల్లో సర్దేసింది.

అత్తగారు కోప్పడలేదు. పెట్టెలోంచి ఒకటి, పారేసినవాటిలోంచి ఒకటి తీసి కోసి చూపించింది. నున్నటి పండులో తెల్లటి పురుగులు లుకలుకలాడుతున్నాయి. గుంట పడినదాంట్లో గులాబిరంగు కండ చెక్కుచెదరలేదు.

"కందిరీగకు దాపరికం లేదమ్మా. పట్టపగలే వాలి, గోలగోలగా తిని పోతుంది. అది తిన్నంతమేర కోసేస్తే మిగతాది మనదే. పండుఈగ అలా కాదు, నంగనాచి. సూదిమొనతో పొడిచినట్టు పొడిచి, గుడ్లు పెట్టి పోతుంది. తినేది దాని పిల్లలు, అదీ లోపల్నుంచి. ఆ చుక్క కనిపించిందా?" అంది.

కోడలికి కనిపించలేదు. అత్తగారు ఆమె బొటనవేలు పట్టుకుని తొక్క మీద రుద్దించింది. ఒక్కచోట మెత్తగా తగిలింది.

మధ్యాహ్నాలు వెనక గదిలో చేరి, కందిరీగలు వదిలిన పండ్లు తరిగి జామ్ గంగాళంలో వేసేవారు. సగం ముక్కలు నోళ్ళలోకే పోయేవి. ఒకసారి గుంటలో దాక్కున్న కందిరీగ కోడలి పెదవి మీద కుట్టింది. మూతి ఇంత లావున వాచింది. ఉల్లిపాయ ముక్క రాస్తూ అత్తగారు నవ్వాపుకోలేకపోయింది, కోడలికీ నవ్వొచ్చింది. ఆ రోజుతో ఇద్దరి మధ్య బెరుకు పోయింది.

కొన్నేళ్లకు అత్తగారి చూపు మందగించింది. వేళ్ళు మొద్దుబారాయి. ఆమె ఏరిన బుట్టలో పురుగు పండ్లు దొర్లసాగాయి. కోడలు పక్కనే పీట వేసుకుని, కబుర్లు చెబుతూ ఆ బుట్టను మళ్ళీ ఏరేది. ఎవరికీ అనుమానం రానివ్వలేదు.

ఒక రోజు అత్తగారు చేతులు ఒళ్ళో పెట్టుకుని, గొంతు తగ్గించి, "నా బుట్ట నువ్వు మళ్ళీ ఏరుతున్నావని నాకెప్పుడో తెలుసు. నువ్వు పక్కన కూర్చుంటున్నావు కదా అని ఊరుకున్నాను," అంది. మర్నాడు తనే యజమానితో మాట్లాడి మేస్త్రి పని కోడలికి ఇప్పించి, తను జామ్ గదిలో కిటికీ పక్కకు మారింది.

ఇప్పుడక్కడ పండ్లు ఏరేది మిషను. కోడలికీ తల నెరిసింది. ఆ వీధిన వెళ్ళినప్పుడల్లా ఆమెకు ఆనాటి సాయంత్రాలు గుర్తొస్తాయి. షెడ్డు మూశాక అత్తాకోడళ్ళు చేయీ చేయీ పట్టుకుని ఇంటికి నడిచేవారు. దారి కనిపించక పట్టుకున్నానని అత్తగారు ఏనాడూ ఒప్పుకోలేదు. కోడలు ఎక్కడ పడిపోతుందోనని పట్టుకున్నానని ఎదురొచ్చిన వాళ్ళందరికీ చెప్పేది.