కత్తెరక్క కిటికీ

కత్తిరించగా మిగిలిన గుడ్డముక్కను కత్తెరక్క ఎడమ భుజం మీదుగా వెనక్కి విసురుతుంది. చూడదు. వెనక కిటికీ ఉంది, కిటికీ కింద నది. కాలు కుట్టుమిషన్ తొక్కడం మానదు, నోరు మాట ఆపదు.

ఆమె అత్తగారు ఆ గదిలో మిషన్ పెట్టిన రోజుల్లో నది అంటే మురుగు. వాసన భరించలేక వీధిలోని షాపులన్నీ దానికి వీపు పెట్టి కూర్చున్నాయి. అత్తగారు ముక్కలన్నీ అందులోకే విసిరేది. కోడలికి పనితో పాటు అదీ వచ్చింది.

తర్వాత వీధివాళ్ళు, మునిసిపాలిటీ కలిసి నదిని బాగుచేయడానికి పూనుకున్నారు. మురుగు మళ్ళించారు. గట్టు మీద కొత్త మట్టి పోసి, ఎవరి షాపు వెనక భాగం వాళ్ళు చూసుకోవాలన్నారు. అందరికంటే ముందు చెయ్యెత్తింది కత్తెరక్కే. ఆదివారం వస్తే చాలు, నీళ్ళు మోసేది, మొక్కల్ని పేరుపేరునా తిట్టేది. ఆమె తిట్టిందంటే దగ్గరికి తీసుకున్నట్టే. బురదకొట్టుకుపోయిన గుడ్డపీలికలు కనబడితే ఏరి పారేస్తూ, అవి నదికి ఎగువనున్న పై వీధి నుంచే కొట్టుకొస్తున్నాయని ఆ వీధి వాళ్ళనూ తిట్టేది. అది మాత్రం నిజం తిట్టే.

అందరి మొక్కలూ ఏపుగా పెరిగాయి. ఆమెవి మోకాలెత్తు వచ్చి వాడిపోయేవి.

“పై వీధి వాళ్ళే ఏదో కలుపుతున్నారు నీళ్ళలో!”

పక్కన తాళాలు బాగుచేసే ఆయన నవ్వేవాడు. “నా మొక్కలు బానే ఉన్నాయి కదమ్మా. ఆ విషం నా దగ్గర ఆగకుండా నీ దగ్గరికే వస్తుందా?”

“నీ మొహం చూసి ఆగడానికి భయపడి ఉంటుంది.”

ఒక ఆదివారం ఇంజనీరు వచ్చి చూశాడు. మొక్కలు నిలవకపోతే వానలకు గట్టు కోసుకుపోతుందట. ఆ ఒక్క భాగంలో రాళ్ళు పరిచి సిమెంటు పోయిస్తానన్నాడు.

“నా కిటికీ కిందా?”

“తప్పదమ్మా.”

ఆ వారం ఆమె ఒక చొక్కాకు రెండు చేతులూ ఎడమవే కుట్టింది. మళ్ళీ ఆదివారం ఇంజనీరు, వీధివాళ్ళు గట్టు మీదికి రాగానే గడ్డపారతో దిగింది. “తవ్వి చూడండి, విషం ఎక్కడుందో తేలుతుంది. చూశాక ఏం పోసుకుంటారో పోసుకోండి.”

కొత్త మట్టి దాటగానే గడ్డపార మెత్తగా దిగి ఇరుక్కుంది. లాగితే గుడ్డ వచ్చింది. దాని కింద ఇంకో గుడ్డ. పరుపు పరిచినట్టు గుడ్డలు. మొక్కల వేళ్ళు అక్కడిదాకా వచ్చి, దారి లేక పక్కకు తిరిగి ఉన్నాయి.

వీధి సంఘం నడిపే పంతులమ్మ ఒక ముక్కను నీళ్ళలో జాడించింది. చారలు బయటపడ్డాయి. “ఇది మా ఇంటి కర్టెన్ కదూ?”

తాళాలాయన ఇంకోటి జాడించాడు. “ఇది నా పెళ్ళి చొక్కా! చేతులు ఎందుకు పొట్టిగా వచ్చాయో ఇన్నాళ్ళకు తెలిసింది. గుడ్డంతా ఇక్కడుంది!”

అందరూ నవ్వారు. కత్తెరక్క నవ్వలేదు. తనతో పాటు ఆ గదిలోనే గుండీలు కుట్టే తోడికోడలి వైపు తిరిగింది.

“రోజూ ఎదురుగా కూర్చుంటావు కదే. నేను విసరడం చూడలేదూ?”

“చూశానక్కా. నువ్వు ఊపిరి తీసుకోవడమూ చూస్తున్నాను. అది కూడా చెప్పాలా?”

కత్తెరక్క గట్టు మీద కూలబడింది. “పాపం, ఆ పై వీధి వాళ్ళను ఎన్నెన్ని మాటలన్నాను!”

“వాళ్ళకు వినబడలేదులే,” అంది పంతులమ్మ. “లే. లాగాల్సింది చాలా ఉంది.”

పొద్దువాలే దాకా లాగారు. ఇంజనీరు కూడా ప్యాంటు మడిచి దిగాడు. వెళ్ళేటప్పుడు అన్నాడు: “మళ్ళీ నాటండి. ఈ వానలు అయ్యేదాకా రాళ్ళ మాట ఎత్తను. కానీ ఇంకొక్క ముక్క కనబడిందో...”

“కనబడదు,” అంది గానీ, తన చెయ్యి మీద తనకే నమ్మకం లేదు.

మర్నాడు పొద్దున్నే తోడికోడలిని ఒక పక్క పట్టమని, మిషన్ను కిటికీ వైపు తిప్పింది. మొదటిసారి నదిని ఎదురుగా పెట్టుకుని కూర్చుంది. కాసేపు చూసింది. గౌను గుడ్డ పరిచి కత్తిరించింది. చెయ్యి దాని అలవాటు ప్రకారం భుజం మీదుగా వెనక్కి విసిరింది. ముక్క గోడకు తగిలి నేల మీద పడింది.

“దిక్కు మార్చామే, తెలీదా?” అని చేతిని తిట్టి, వంగి ముక్కను ఏరుకుంది.