కింద పేరుందా, యాదమ్మా?

ఇవాళ పెరట్లో కలుపు తీస్తుంటే నేల ఉసిరి నలిగి, ఆ పచ్చి వాసన చేతులకు అంటుకుంది. సుగుణ టీచర్ గుర్తొచ్చింది. ఆమె గురించి ఎప్పుడో రాయాల్సింది. కానీ నేను మోతె ఊళ్ళో గొర్రెల వెంట తిరుగుతూ పెరిగినదాన్ని. నలభై దాటాక ఆమె దగ్గరే అక్షరాలు దిద్దాను. నాలుగు వాక్యాలు కూర్చి రాయడానికి ఇంకా ఇన్నేళ్ళు పట్టింది.

ఆమెది కోదాడ. మునగాలలో మా ఎదురింట్లో కిరాయికి ఉండేది. బడి నుంచి రాగానే అరుగు మీద నాకు పాఠం. పుస్తకం కంటే ఇంటికొచ్చిన కాగితాలే ఎక్కువ చదివించేది. పెళ్ళి పత్రికైనా, ఎరువుల బస్తా మీది రాతైనా మొదట కిందికి చూడమనేది.

"చెప్పేదెవరో ముందు తెలుసుకో యాదమ్మా. ఏం చెప్పారో తర్వాత చదువుదువుగాని."

"పోలీసోళ్ళ లెక్క ఆరా తీస్తవ్ టీచరమ్మా!" అని నవ్వేదాన్ని.

ఫోన్లలో ఫేస్‌బుక్ కొత్తగా వచ్చిన రోజులవి. డిగ్రీ చదివే మా స్వాతికి ఆ వానకాలం కళ్ళు పచ్చబడ్డాయి. అన్నం సయించక మంచం పట్టింది. పడుకునే ఫోన్ చూపించింది.

"నేల ఉసిరి పసరు పరగడుపున తాగితే కామెర్లు పోతయటనే అమ్మా. దవాఖాన అక్కర్లేదట. ఎంతమంది షేర్ చేసిన్రో సూడు!"

"మా అత్త చెప్పిందే నీ ఫోన్ గూడ చెప్తున్నది గదా" అని సంబరపడ్డాను. తెల్లారి నూరడానికి ఆకు కోసి గిన్నెలో పెట్టాను.

సాయంత్రం ఆ గిన్నె చూసి, సంగతి విని, టీచర్ స్వాతి దగ్గరున్న ఫోన్ తీసి నా చేతికిచ్చింది. కూడబలుక్కుంటూ చివరిదాకా చదివాను.

"కింద పేరుందా?"

"లేదు టీచరమ్మా. 'సేకరణ' అనుంది."

"అంటే ఎక్కడిదో తెచ్చి పెట్టారు. ఆకును నేనేమీ అనను. ఆసుపత్రి అక్కర్లేదన్న మాట ఎవరిది? పిల్లకు ముదిరితే ఎవరిని అడుగుతావు?"

స్వాతి ఊరుకోలేదు. "అంతమంది పెట్టిన్రు. అందరూ పిచ్చోళ్ళా టీచర్?"

"అంతమందిలో ఒక్కరైనా నీ కళ్ళు చూశారా తల్లీ?"

స్వాతి నా చేతిలోంచి ఫోన్ తీసుకుని, తిప్పి పక్కన పెట్టింది.

బిడ్డ కోలుకుంది. మరుసటి ఏడాది టీచర్ మిర్యాలగూడకు బదిలీ అయి వెళ్ళిపోయింది. చేతికి ఏ కాగితం వచ్చినా, ఎవరు ఫోన్ చూపించినా నా చూపు ఇప్పటికీ ముందు కిందికే పోతుంది.

టీచర్ అలా అడిగిన మర్నాడు పొద్దున నేను ఆకు గిన్నె ముట్టుకోలేదు. స్వాతిని బస్సెక్కించి సూర్యాపేట దవాఖానకు తీసుకెళ్ళాను. డాక్టరు గది తలుపు పక్కన పేరు రాసిన బోర్డుంది. వెనక జనం తోస్తున్నా ఆగి, అక్షరం అక్షరం కలుపుకుని ఆ పేరు పైకి చదివాను.

"ఇగ పోదాం పా అమ్మా, అందరు సూస్తున్నరు" అంది స్వాతి.

చివరి అక్షరం దాకా చదివాకే దాని చెయ్యి పట్టుకుని లోపలికి నడిచాను.